బాయి చూడడానికి సెలవు

మా భూపాలపల్లి జిల్లా కేంద్రమైన మరుసటి వేసవిలో నేను అక్కడి ఒక భూగర్భ గనిలో మొదటి షిఫ్టు ఓవర్‌మన్‌గా ఉన్నాను. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లుంది. బొగ్గుగనిలో కార్మికుల పైన సర్దార్, సర్దార్ల పైన ఓవర్‌మన్, ఆపైన అండర్ మేనేజర్, అందరికీ పైన మేనేజర్ ఉంటారు. పనిస్థలం భద్రంగా ఉందని చూసి మనుషుల్ని లోపలికి పంపించడం, దిగినవాళ్లంతా ఎక్కారని లెక్క చూసుకోవడం ఓవర్‌మన్ పని. చివర ఇనుప పొన్ను తొడిగిన పొన్నుకర్రతో గని పైకప్పును కొట్టి చూస్తాం. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. షిఫ్టు అయ్యాక చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం చేయాలి. తర్వాతి షిఫ్టు ఓవర్‌మన్ దాన్ని చదివి కింద తన సంతకం చేయాలి. రెండు సంతకాలూ పడితేనే ఆ పేజీ చెల్లుతుంది.

మా దగ్గర గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. మా ఇంటావిడ సారక్కది చిట్యాల. పెళ్లయిన మొదటి నెలలోనే తనకు ఒక్కసారి బాయి చూపించమంది. చూపిస్తానని మాటిచ్చాను. ఆ రోజుల్లో ఆడవాళ్లను లోపలికి దించేవారు కాదు. ఒకసారి అప్పటి మేనేజర్‌ను అడిగితే కుదరదన్నారు. తర్వాత నేనూ అడగడం మానేశాను. రోజూ ఇంటికి రాగానే ఆమె "ఎట్లుంది బాయి?" అనేది. నేను "మంచిగనే ఉంది" అనేవాణ్ని. ముప్పై ఏళ్లు ఈ రెండు ముక్కలతోనే నడిచిపోయాయి.

ఆ వేసవిలో మా అమ్మాయి స్వప్న తన ఫోన్‌లో హైదరాబాద్ శివారులోని ఒక థీమ్ పార్కు వీడియో చూపించింది. అందులో ఒక చిన్న రైలు, దానికి ఎదురుగా ఉత్తుత్తి బంగారు గని. జనం కేకలు పెడుతూ ఆ గనిలోకి దూరుతున్నారు. సారక్క ఫోన్ లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గీ బాయిలకు ఆడోళ్లను రానిస్తరా?"

"అందరిని రానిస్తరమ్మా" అంది స్వప్న.

సారక్క నావైపు తిరిగింది. "నీ బాయి ఎట్లా చూపియ్యకపోతివి. గీ బాయికన్న తోల్కపో. ఇద్దరం కలిసి దిగాలె. మాటిచ్చినవ్ గదా."

తప్పించుకునే దారి లేకపోయింది. నిజం చెప్పాలంటే తప్పించుకోవాలనీ అనిపించలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో నాకు పండగ సెలవులిచ్చిన బడిపిల్లవాడి హుషారు వచ్చింది. సారక్క ఆ మధ్యాహ్నమే చిట్యాలలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా రఘునాథపల్లిలో వ్యవసాయం చేసే మా తమ్ముడు కొమురయ్య కుటుంబం, నెల్లికుదురులో ఉండే మా చెల్లెలి కుటుంబం కూడా తయారయ్యాయి. మొత్తం పందొమ్మిది మందిమి తేలాం.

పందొమ్మిది మందిని ఎక్కడికైనా తీసుకుపోవాలంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పార్కు పటం చూసి పాత చార్టు కాగితం వెనుక ప్లాను గీశాను. గనిలో ప్రతి మనిషికీ బయటపడే దారులు రెండు తెలిసి ఉండాలి కాబట్టి రెండు గేట్లకూ ఎర్ర బాణాలు పెట్టాను. తప్పిపోతే కలుసుకునే చోటు, నీళ్లు దొరికే చోటు గుర్తించాను. గనిలో దిగేవాడికి ఇచ్చే టోకెన్ లాగే అట్టముక్కల మీద ఒకటి నుంచి పందొమ్మిది వరకు అంకెలు వేసి దారాలు కట్టాను. కొమురయ్యకు ఫోన్‌లో అంతా వివరించాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"అన్నా, మనం ఆడుకోను పోతున్నమా, బొగ్గు తియ్యను పోతున్నమా?" అన్నాడు.

ఇక సెలవు. మా వారపు సెలవును ప్లే డే అంటారు. ఆ రోజు పార్కు కిటకిటలాడుతుందని మామూలు రోజు ఎంచుకున్నాం. అయితే ఓవర్‌మన్ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. సర్టిఫికెట్ ఉన్న మరో మనిషి ఒప్పుకుంటేనే సెలవు. ఒకాయన ఒప్పుకున్నాడు. సెలవు కాగితంలో కారణం రాయాలి. అందరూ జ్వరమనో పెళ్లనో రాస్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసే అలవాటు వల్ల నేను "భార్యకు బాయి చూపించడానికి" అని రాశాను.

మేనేజర్ నన్ను పిలిపించారు. కాగితాన్ని రెండుసార్లు చదివి, రోజూ దిగే బాయి చాలక ఇంకో బాయి చూడడానికి సెలవు పెట్టిన మనిషిని ఇదే చూడడమన్నారు. సంగతంతా చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చేంతగా నవ్వారు. షిఫ్టు అయ్యేసరికి గనంతా తెలిసిపోయింది. దీపాలిచ్చే గది దగ్గర నిలబడ్డవాళ్లు వచ్చేటప్పుడు తలా ఒక బంగారు గడ్డ తెమ్మని వరుసగా పేర్లిచ్చారు.

ప్రయాణం రెండు రోజులుందనగా నా బదులు చేయాల్సినాయన ఇంటి మెట్ల మీద జారి చీలమండ బెణికించుకున్నాడు. రూలు ప్రకారం నా సెలవు రద్దయింది. ఇంటికి వచ్చి చెప్పాను. సారక్క అప్పుడు సకినాలు డబ్బాలో సర్దుతోంది. డబ్బా మూత పెట్టింది.

"ముప్పై ఏండ్లు ఆగిన. ఇంకో ఏడు ఆగుత తియ్యి" అంది.

తిట్టినా బాగుండేది. నాకు చాలా సిగ్గేసింది. మర్నాడు షిఫ్టుకు ముందే మేనేజర్ గది ముందు నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే ఆయన రెండో షిఫ్టు ఓవర్‌మన్‌ను మొదటి షిఫ్టుకు మార్చి, అతని చోట పక్క గని నుంచి ఒకరిని వేసిన ఆర్డరు చేతిలో పెట్టారు. ఈ కథ తాను ఇంట్లో చెప్పేశానని, ఇప్పుడు సెలవు రద్దు చేస్తే తనకు ఇంట్లో అన్నం పుట్టదని అన్నారు.

అనుకున్న రోజు తెల్లవారుజామునే మినీ బస్సు కదిలింది. చిట్యాలలో మా అత్తమ్మ ఎక్కి ఒకటో నంబరు టోకెన్‌ను కొంగుకు ముడేసుకుంది. నెల్లికుదురు నుంచి హన్మకొండకు వచ్చి ఉన్న చెల్లెలి వాళ్లు అక్కడ, రఘునాథపల్లిలో తమ్ముడి వాళ్లు ఎక్కారు. గనిలో దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నాయేమోనని ఒళ్లు తడిమి చూడడం మాకు నియమం. పార్కులోకి బయటి తిండి కూడా రానివ్వరని విని ఉన్నాను. అందుకని జనగామ రాకముందే బస్సులో సోదా మొదలుపెట్టాను. కొమురయ్య బీడీ కట్ట, అత్తమ్మ పొగాకు, చెల్లెలి సర్వపిండి, మా సకినాలు దొరికాయి. బీడీలూ పొగాకూ డ్రైవరుకు అప్పజెప్పాం. తిండిని అక్కడికక్కడే తిని ఖాళీ చేశాం. అందరి చేతులకూ నూనె, అందరి నోళ్లలోనూ నవ్వులు.

పార్కు గేటు దగ్గర కాపలావాళ్లు పద్దెనిమిది మందినీ చిటికెలో వదిలేశారు. నన్ను ఆపారు. నా చేతిలో పొన్నుకర్ర ఉంది. అది భద్రతా పరికరమని, చట్ట ప్రకారం ఓవర్‌మన్ దగ్గర ఉండాల్సిందేనని చెప్పాను. ఆ అబ్బాయి చాలా మర్యాదగా కర్ర తీసుకుని నాకొక టోకెన్ ఇచ్చాడు.

"అందరి సంచులు దేవినవ్ అల్లుడా, నీ కర్ర మర్సినవా?" అని అత్తమ్మ అంటే మావాళ్లు నవ్వలేక గేటు కమ్మీలు పట్టుకున్నారు.

నేరుగా బంగారు గని దగ్గరికే పోయాం. ద్వారంలో కప్పుకు ఆసరాగా నిలబెట్టిన కర్ర దిమ్మెలు చూడగానే నాకు మనసు ఒప్పలేదు. దిమ్మెకూ కప్పుకూ మధ్య బిగించాల్సిన చెక్క లేదు. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య ఎడం మరీ ఎక్కువ. అది సిమెంటు బొమ్మ అని తెలుసు. అయినా యూనిఫాంలో ఉన్న అమ్మాయి దగ్గరికి పోయి, ముందు నేనొక్కణ్నే లోపలికి పోయి చూసివస్తానన్నాను. ఆమె వరుసలో నిలబడమంది. అంతలో సారక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు ముందుగాల పోతవ్. వచ్చి మంచిగనే ఉంది అంటవ్. ముప్పై ఏండ్ల సంది గిదే కత. ఇయ్యాల ఇద్దరం ఒక్కటేసారి దిగుడే."

రైల్లో ముందు పెట్టెలో పక్కపక్కన కూర్చున్నాం. రైలు చీకట్లోకి దూరింది. గోడల నిండా పసుపు రంగు రాళ్లు మెరుస్తున్నాయి, నీళ్లు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. సారక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నా చెవిలో "నీ బాయి సుత గిట్లనే ఉంటదా?" అని అరిచింది. మాది ఇంత అందంగా ఉండదని, మోకాలి దాకా బురద ఉంటుందని చెప్పాను. ఆమెకు బాయి గురించి నేను చెప్పిన మొదటి వివరం అదే.

అప్పుడు పైన పెళపెళమని చప్పుడైంది. దీపాలు ఆరిపోయాయి. స్పీకర్లో చప్పుడని నా బుర్రకు తెలుసు. ఒళ్లు బుర్రను అడగలేదు. సారక్క తలను నా ఒడిలోకి వంచి పైనుంచి కప్పేసి, యంత్రాల మోతలో కూడా వినపడే నా షిఫ్టు గొంతుతో అరిచాను.

"కప్పు కూలుతుంది! ఎవ్వరు లేవకుండ్రి! తలకాయలు వంచుండ్రి!"

రైలు ఎండలోకి వచ్చేసరికి అందులో ఒక్క తల కూడా పైకి లేదు. మావాళ్లే కాదు, ఎవరో కాలేజీ పిల్లలు, ఒక కొత్త జంట, అందరూ మోకాళ్లలో ముఖాలు పెట్టుకుని ఉన్నారు. యూనిఫాం అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. వెనక పెట్టెలోంచి కొమురయ్య గొంతు వినిపించింది.

"అన్నా, ఇగ లేవొచ్చునా?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు కానీ రైలంతా నవ్వింది. ఆ కాలేజీ పిల్లలు నాతో ఫోటో దిగారు. సారక్క కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, జుట్టు సవరించుకుని, నావైపు చూసింది.

"మీ బాయిల గిట్ల ఎన్నిసార్లయింది?"

మంచిగనే ఉంది అనబోయాను. ఆమె భుజం మీద నా చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"మూడుసార్లు" అన్నాను.

"నాకెర్కనే. ఆ మూడు దినాలు నువ్వు ఇంట్ల సుత బాయి టోపి తియ్యలే. బువ్వ తినేటప్పుడు సుత తియ్యలే." అని లేచి నిలబడి నా చెయ్యి లాగింది. "పా, ఇంకోపారి పోదాం."

ఆ రోజు ఆ గనిలో నాలుగుసార్లు దిగాం. ప్రతిసారీ చప్పుడు రాగానే ఆమే ముందుగా నా తల వంచేది. ఎక్కేముందూ దిగాకా టోకెన్లు లెక్కపెట్టాను. నాలుగుసార్లూ పందొమ్మిది వచ్చాయి.

తర్వాత రెండేళ్లు ఉద్యోగం చేశాను. షిఫ్టు నుంచి ఇంటికి రాగానే పుస్తకంలో రాసిన వరుసలోనే ఆమెకు చెప్పేవాణ్ని. కప్పు ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఎవరికి దెబ్బ తగిలింది. ఆమె వేసే ప్రశ్నల్లో కొన్ని అండర్ మేనేజర్‌కు కూడా తట్టేవి కావు. అంతా విని, "ఆఁ, విన్న. ఇగ టోపి తియ్యి" అనేది. రిపోర్టు రాసి సంతకం చేయడంతో ఓవర్‌మన్ పని అయిపోదని, అవతలి మనిషి చదివి రెండో సంతకం చేయాలని నేను కొత్తవాళ్లకు ఎన్నోసార్లు చెప్పాను. ముప్పై ఏళ్లు ఇంట్లో మాత్రం ఒక్క సంతకంతోనే పేజీలు తిప్పేశాను.