మేమందరం క్షేమం అని రాసిన చీటీ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికేం కావలసివచ్చినా నందిగామ బస్సు కండక్టరు చేతిలో చీటీ పెట్టేవాళ్ళం. మందులకైనా, మోటారు సామానుకైనా అదే కబురు. మాది వీరులపాడు దగ్గర పల్లె. నాది ముత్యాల్లాంటి చేతిరాత అని మా మాస్టారు అన్నప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

ఒకరోజు పొద్దుటి నుంచి మా గేదె ఈనలేక అవస్థ పడుతోంది. దూడ కాలు ఒకటి బయటికొచ్చి ఆగిపోయింది. అమ్మకి పుట్టింటివాళ్ళు ఇచ్చిన పెయ్య అది, మా ఇంట్లోనే పెద్దదయింది. అమ్మ దాని తల దగ్గర నుంచి లేవడం లేదు. నాన్నా, బాబాయీ గొడ్ల సావిడి వదిలి రావడానికి లేదు. నందిగామలో ఉండే పశువుల డాక్టరుకి చీటీ రాయమని నాన్న నాకు చెప్పాడు.

బస్సు వచ్చే వేళయింది. అయినా బళ్ళో నేర్పిన మర్యాదంతా గుర్తు తెచ్చుకుని రాశాను. మహారాజశ్రీ డాక్టరుగారికి నమస్కరించి వ్రాయునది, ఇక్కడ మేమందరం క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను. ఆ తరవాత మా గేదె ఎంత సాధువో రాశాను. కాలు సంగతి కాగితం వెనక్కి పోయింది.

రోడ్డు మీదికి పరిగెడుతుంటే, అరుగు మీద చదువుకుంటున్న పక్కింటి అక్క ఆపింది. చీటీ తీసుకుని, పై వరుసలు మాత్రమే కనబడేలా మడిచి నా ముందు పెట్టింది.

"నువ్వే డాక్టరువనుకో. అన్నానికి కూర్చోబోతున్నావు. ఇంతవరకే చూశావు. లేస్తావా?"

మేమందరం క్షేమం. లేవను. నా రాతే గేదెని చంపేస్తుందేమోనని ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో బస్సు హారన్ వినబడింది. అక్క తొణకలేదు. తన పుస్తకంలోంచి కాగితం చింపి, ఆయన ఎదురుగా ఉంటే ముందు ఏమని అరుస్తానో అదే రాయమంది.

గేదె ఈనలేకపోతోంది. పొద్దుటి నుంచి నొప్పులు. దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది. వెంటనే రండి. కింద ఊరు, నాన్న పేరు, బియ్యం మిల్లు వెనక ఇల్లు. నేను రాసేదాకా అక్క బస్సుకి అడ్డంగా నిలబడింది. కండక్టరు విసుక్కుంటూనే చీటీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎంతకీ గడవలేదు. ఏ బండి చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తాను. గేదె అరవడం కూడా మానేసింది, అదింకా భయం. పొద్దు వాలుతుండగా డాక్టరుగారు మోటారుసైకిల్ మీద వచ్చారు. దూడ దక్కలేదు. గేదె దక్కింది. ఆయన చేతులు కడుక్కుంటూ నాన్నతో అన్నారు. "ఒక్క కాలే వచ్చిందని రాయబట్టి దూడని లాగడానికి తాళ్ళూ అవీ తెచ్చుకున్నానండి. లేకపోతే మళ్ళీ నందిగామ పోయి రావాల్సొచ్చేది."

నాకిప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. మొన్న మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా ఇంట్లో, మా ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు, కాఫీలో పంచదార వేయలేదని సణుగుతున్నారు. ఆ పూట మాత్రం నా పైప్రాణాలు పైనే పోయాయి. అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. మెసేజ్ కొట్టాను. నాన్నకి గుండెనొప్పి. ఇంట్లోనే ఉన్నాం. కారు తీసుకుని రా.

పంపబోయే వేలిని ఆపి, పై వరుస ఒక్కటీ చదువుకున్నాను. లేస్తాడు అనుకున్నాను. పంపాను.