పిల్లల నాయినకు ఒక పాట

రేడియో భవిష్యత్తు గురించి మా కేంద్రంలో ఎన్ని మీటింగులు పెట్టారో లెక్క లేదు. ప్రతి మీటింగులోనూ గోడ మీద బొమ్మలు వేసి చూపించేవాళ్ళు, సమోసాలు పంచేవాళ్ళు, చివర్లో యాప్ అనేవాళ్ళు. నేను క్యాజువల్ అనౌన్సర్‌ని. అంటే పిలిచిన రోజు డ్యూటీ, పిలవని రోజు ఇల్లు. జనగామలో పొద్దున్నే రైలెక్కి, నిలబడి వెళ్ళి నిలబడి వచ్చే మనిషికి భవిష్యత్తు మీద పెద్ద మోజేమీ ఉండదు. సమోసా తిని, తల ఊపి ఇంటికొచ్చేదాన్ని.

నాది ఆదివారం ఫోన్-ఇన్. శ్రోతలు ఫోన్ చేసి పాట అడుగుతారు, ఎవరికోసమో చెప్తారు, మేం ఆ పాట వేస్తాం. బచ్చన్నపేట నుంచి ఒకాయన పాట సంగతి పక్కన పెట్టి, చెరువులోకి నీళ్ళు వచ్చాయో లేదో చెప్పేవాడు. లింగాల ఘనపూర్ నుంచి ఒక దర్జీ తనవాళ్ళ పేర్లు మొదలుపెడితే పాటకు టైం మిగిలేది కాదు. "మీ రేడియో కాస్త తగ్గించండి" అనీ అనీ నా గొంతు అరిగిపోయింది. ఇంట్లో ఎవరు ఫోన్ చేసినా నాకు అదే మాట నోట్లోకి వచ్చేది. మా ఆయన నవ్వేవాడు.

మహబూబాబాద్ దగ్గర ఒక తండా నుంచి ఒకామె వారం వారం చేసేది. పాట ఏదైనా సరే అనేది.

"ఎవరికోసమమ్మా?"

"చెల్పూర్ల ఉన్న మా పిల్లల నాయినకు అక్కా."

"పేరు చెప్పండి."

"మొగని పేరు ఎట్ల చెప్తరక్కా!" అని నన్నే తప్పు పట్టేది.

ఒకసారి ముందువాళ్ళ పాట నడుస్తుండగా ఆమె లైన్లో ఉంది. మా మాటలు గాలిలోకి వెళ్ళవు కాబట్టి అడిగాను. ఆయనకు ఫోన్ ఉంటుంది కదా, నేరుగా మాట్లాడవచ్చు కదా అని. ఆమె దాచుకోకుండా చెప్పింది. ఆ ఏడు మిర్చి దెబ్బతిన్నది. ఇక వ్యవసాయం వద్దు, చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతానని ఆయన అన్నాడు. తండా పెద్దలు కూర్చున్నప్పుడు ఈమె కోపంలో "చేతగానోడు" అనేసింది. ఆయన మారు మాట్లాడకుండా సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఒక్కసారి ఫోన్ చేసిన. కట్ చేసిండు. ఇగ నేను చెయ్యలే" అంది. "నలుగుట్ల, అందరి ముందట అన్న మాటక్కా. ఫోన్ల చెవుల చెప్తె పోతదా? మా ఇంట్ల రేడియో లేదు గని, ప్లాంటు గేటు కాడ చాయ్ హోటల్ల రేడియో పెడ్తరట. పనికి పోయిన మా తండోళ్ళంత ఆడనే కూసుంటరు. అందరు ఇనాలె, నేను ఆయనను యాది చేస్తున్న అని."

ఆ తర్వాత నేను పేరు అడగడం మానేశాను. ఆమె గొంతు వినగానే నేనే "చెల్పూర్‌లో ఉన్న పిల్లల నాయినకు" అని చెప్పి పాట వేసేదాన్ని. ఆయన ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఆమె మాత్రం మానలేదు.

అప్పుడు యాప్ వచ్చింది. ఫోన్ లైన్లు దండగ అన్నారు. ఇక శ్రోతలు తమ ఫోన్లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపాలి. వాటిలో బాగున్నవి ఏరి శుక్రవారమే రికార్డు చేస్తే ఆదివారం ప్రసారమవుతుంది. ఆ సంగతి నాలుగు వారాలు నాచేతే చదివించారు. చివరి ఫోన్-ఇన్‌లో ఆమె "నేర్చుకుంట తియ్యక్కా, గదెంత" అంది.

శుక్రవారాలు నాకు నచ్చలేదు. యాప్ చూసే అమ్మాయి ఏరిన గొంతులు వరసగా పెట్టి ఇచ్చేది. నేను వాటి మధ్యలో "మీ కోరిక విన్నాం" అని నవ్వుతూ చెప్పాలి. ఎవరూ మధ్యలో అడ్డం రారు, ఎవరి రేడియో కీచుమనదు, వెనక నుంచి ఎవరి మేకా అరవదు. చెరువు కబురు చెప్పే ఆయన రావడం మానేశాడు. స్టూడియోలో గోడతో మాట్లాడి, తిరుగు రైల్లో తలుపు దగ్గర నిలబడితే ఏడుపొచ్చేది. మా ఆయనతో అంటే, మానెయ్యరాదూ అనేవాడు. మానేసి ఏం చెయ్యాలో నాకు తెలియదు.

తండా ఆమె కోరికలు నా చేతికి రాలేదు. మొగుడూ పెళ్ళాలు కలిసిపోయి ఉంటారు, ఇక రేడియోతో ఏం పని అనుకున్నాను. నిజానికి ఆ ఊహే నాకు కొంత ఊరటగా ఉండేది.

ఎండాకాలంలో ఒక శుక్రవారం ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ వచ్చింది. నన్నే పిలవమన్నారట. మగ గొంతు, బెరుకు బెరుకుగా ఉంది.

"మేడం, నేను చెల్పూర్ నుంచి మాట్లాడుతున్న. మీ ఐతారం ప్రోగ్రాంల మా పిల్లల తల్లి పాట అడుగుతుండె. శానా దినాలాయె, అడుగుతలేదు. పానం గిట్ల బాగలేదా అని పరేషాన్ అయితుంది."

"ఆమెనే అడగకపోయారా?"

"ఎట్ల అడుగుత మేడం? ఫోన్ కట్ చేసినోణ్ణి నేనే కద. ఆమె పాట అడుగుడు బంద్ చేసిందంటె, నా మీద ఆశ బంద్ చేసిందేమో. ముందుగాలనే ఇంటికి పోయి ఉండాల్సింది." "ఆమె బాగుంటె చాలు" అని ఫోన్ పెట్టేశాడు.

నేను యాప్ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చినవన్నీ చూపించమన్నాను. తీసినవాటిలో ఆమె లేదు. "పేరు లేనివి అటు పక్కకు పోతాయి మేడం, అవి ఎవరూ తెరవరు" అంటూ ఇంకో చోట నొక్కింది. అక్కడ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, అన్ని ఆదివారాలవీ. పాట ఎవరికోసం అని అడిగే గడి ప్రతిదానిలోనూ ఖాళీ. మొగుడి పేరు నోటితో పలకని మనిషి వేలితో మాత్రం రాస్తుందా? మీటింగుల్లో అంతమంది కూర్చున్నాం, ఒక్కరికీ తట్టలేదు.

చెవుల్లో పెట్టుకుని విన్నాను. మొదటివాటిలో హుషారుగా ఉంది. "అక్కా, నేర్చుకున్న సూడు" అని నవ్వింది. పోను పోను మాటలు తగ్గాయి. అన్నిటికన్నా కిందిదానిలో పాట కూడా అడగలేదు. "చెల్పూర్ల ఉన్న మా పిల్లల నాయినకు... ఇగ నేను అడుగ. ఇన్ని దినాలు ఇన్నవు, పలుకలేదు. నీ ఇష్టం" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదనో తెలియక ఆ అమ్మాయి మీద కేకలేశాను, పాపం.

నంబరు ఉంది కాబట్టి బయట వరండాలోకి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను. మొదటిసారి నేనే చేయడం. గొంతు గుర్తుపట్టింది కానీ సంతోషపడలేదు.

"అమ్మా, నువ్వు పంపిన పాటలు ఒక్కటీ వేయలేదమ్మా. పేరు లేదని పక్కన పడేశారు. ఒక్కటీ గాల్లోకి పోలేదు" అన్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.



"అంటె ఆయన ఇననే లేదా అక్కా?"

"వినలేదు. నీకేమైందోనని ఇందాకే ఇక్కడికి ఫోన్ చేశాడు."

"ఇని గూడ ఉలుకుతలేడు పలుకుతలేడనుకున్న," అంది. "ఇననే లేదా! ఇననే లేదు గద!"

వచ్చే ఆదివారం నేనే పాట వేస్తానమ్మా, ఎవరు ఏమన్నా సరే, నీ మాట నీ గొంతుతోనే వినిపిస్తాను, ఏ పాట కావాలో చెప్పు అని నేను ఇంకా అంటూనే ఉన్నాను.

"నువ్వు జర ఫోన్ పెట్టక్కా," అంది, "ఆయనకు చేస్త."