ధార పోసిన కారు

మా పొలాలు పోయాయి గానీ, మేము వాటిని అమ్ముకోలేదు. అప్పులవాళ్ళు పట్టుకుపోయారు. బయటివాళ్ళకు ఆ రెండూ ఒకటే. మా ఇంట్లో మాత్రం ఆ తేడా చాలా పెద్దది. వాడుకున్న వస్తువు మా గేటు దాటి బేరానికి వెళ్ళకూడదు. ఒకరికి ఇచ్చినదాని ఊసు మళ్ళీ ఎత్తకూడదు. దివిసీమలో మేడ ఉన్న రోజుల్లో పుట్టిన ఈ పట్టింపులు బందరులోని అద్దె ఇంటికి కూడా మాతో వచ్చాయి.

అందుకే కళ్ళ డాక్టరు ఇక కారు నడపవద్దన్నప్పుడు, గుడివాడ నుంచి వచ్చిన పాత కార్ల వ్యాపారిని గేటు దగ్గరి నుంచే పంపించేశాను. అది ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ. ఉద్యోగం చివరి రోజుల్లో కొన్నాను. మా వీధివాళ్ళు నాకు ఇంకా నమస్కారం పెట్టడానికి మిగిలిన కారణం అదొక్కటే అనుకుంటాను.

ఆ కంటి పరీక్షకు వెళ్ళిన రోజే ఆస్పత్రి వరండాలో మా పాత చేపలావిడ కనిపించింది. పాలకాయతిప్ప దగ్గర పల్లెలో ఉంటుంది. నా చిన్నతనంలో మా దివిసీమ ఇంటికి చేపలు తెచ్చేది. కిడ్నీలు చెడిపోయి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వస్తోంది. భర్త లేడు, కొడుకు సముద్రం మీద వేటకు వెళ్తాడు, తోడు వచ్చేవాళ్ళు లేరు. కోడూరు దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి అవనిగడ్డకు బస్సు, మళ్ళీ బందరుకు ఇంకో బస్సు. తిరిగి వెళ్తూ ఒకసారి చల్లపల్లి బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇకమీదట మా కారు నీ గుమ్మం ముందుకు వస్తుందని అప్పుడే మాటిచ్చాను. ఆవిడ నమ్మింది. మా ఇంటి మాటను నమ్మకపోవడం ఆవిడకు అలవాటు లేదు.

డ్రైవరును పెట్టుకోవడం నా పింఛనుతో అయ్యే పని కాదు. గుడివాడలో మా మేనత్త కొడుకు ఒక సేవా ట్రస్టు నడుపుతున్నాడు. నాకు బావ. మేము మేడ ఖాళీ చేసిన రోజు సామాను ఎత్తడానికి వచ్చిన బంధువు అతనొక్కడే. కారు ఇస్తే డ్రైవరునూ డీజిలునూ ట్రస్టు చూసుకుంటుందనీ, దివిసీమ రోగుల కోసమే తిప్పుతామనీ అన్నాడు. వెనక అద్దం మీద మా తాతగారి పేరు రాయిస్తానన్నాడు. వద్దన్నాను. వద్దంటానని అతనికి తెలుసు.

మంచిరోజు చూసి, తాంబూలంలో తాళంచెవి పెట్టి, నీళ్ళు ధార పోసి ఇచ్చాను. బావ వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు చేశాను. చదివి చూడడం అప్పుడు నాకు నీచంగా తోచింది. ఆవిడ ఇంటి గుర్తులు, ఫోన్ నంబరు చెప్పాను. ఆ తరవాత కారు మాట ఎత్తలేదు.

కొన్ని నెలలకు గుడివాడలో బంధువుల పెళ్ళికి వెళ్తే, కల్యాణ మండపం ముందు ఆ కారే వచ్చి ఆగింది. ఎడమ తలుపు మీద మా గేటు గీసిన గీత అలాగే ఉంది. బావ కూతురు, అల్లుడు దిగారు. ఎప్పుడు కొన్నారని ఎవరో అడిగితే, "నాన్న ఇచ్చాడు" అంది ఆ అమ్మాయి. అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసింది చెప్పింది. బావ నన్ను చూసి, వంటవాళ్ళతో పనున్నట్టు లోపలికి నడిచాడు. పెళ్ళికని ఒక్కరోజు వాడుకుంటున్నారేమో అని తిరుగు బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పాలకాయతిప్ప వైపు వెళ్ళాను. ఆవిడ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. పాదాలు వాచి ఉన్నాయి. కారు వస్తోందా అని అడిగాను.

"ఏ కారండీ చినబాబుగారూ?" అంది నవ్వుతూ.

తరవాత మెల్లగా చెప్పింది. మొదట్లో ఎవరో ఫోన్ చేసి, రేపు కారు వస్తుందన్నారట. పొద్దున్నే తలంటుకుని మంచి చీర కట్టుకుని అరుగు మీద కూర్చుందట. ఆటో వస్తే, మాకు కారొస్తోందని పంపించేసిందట. మధ్యాహ్నం దాకా చూసింది. ఆ పూట డయాలసిస్ పోయింది. మర్నాటికి ఆయాసం ఎక్కువైతే, కొడుకు చేపల వ్యానులో ముందు కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఇత్తానన్నోళ్ళని ఏదీ అని అడుగుతామేంటండీ? ఆ ఆటోవోడే, కారు రాలేదా పిన్నీ అని రోజూ ఎక్కిరిత్తాడు. నన్నంటే పడతాను. మీ ఇంటిని కూడా కలిపి అంటాడు."

అక్కడి నుంచి తిన్నగా గుడివాడ వెళ్ళాను. బావ కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు. డ్రైవరు కుదరలేదన్నాడు. ఊరికే ఎండలో ఉంటే పాడైపోతుందని అమ్మాయికి ఇచ్చానన్నాడు. కాగితాలు కూడా అమ్మాయి పేరు మీదికి మారిపోయాయట.

"ట్రస్టుకని ఇచ్చాను," అన్నాను.

"ట్రస్టంటే ఎవరు బావా? నేనే కదా."

తిరిగి ఇవ్వమని అడిగాను. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అలా అడిగి ఉండరు.

బావ కాఫీ కప్పు నా ముందుకు జరిపాడు. "ధార పోసి ఇచ్చింది అడుగుతున్నావా? మీ ఇంటా వంటా ఉందా ఇది?"

"లేదు. అది తెలిసే చేశావు."

కాఫీ చల్లారిపోతోందన్నాడు. ముట్టుకోకుండా లేచి వచ్చాను. పోయిన పొలాల కోసం ఎప్పుడూ ఏడవని వాణ్ణి, బస్టాండులో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మేడ ఖాళీ చేసిన రోజున అతను భుజం మీద మోసిన ట్రంకుపెట్టె గుర్తుకొచ్చింది. ఆ రోజును కూడా ఇప్పుడు అనుమానించాల్సి వస్తోంది. కారు కంటే అదే పెద్ద నష్టం.

తరవాతి డయాలసిస్ రోజున తొలి బస్సుకు అవనిగడ్డ వెళ్ళి, బస్టాండులో ఆవిడ కోసం నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి, నా వెనక ఏదైనా ఆగి ఉందేమోనని చూసింది.

"కారేదండీ?"

"కారు రాదు. నేనొచ్చాను."

"మీరు నన్నెత్తుకుని తీసుకెళ్తారా ఏంటి?" అంది. బస్సు ఎక్కడానికి చెయ్యి మాత్రం అందించింది.

అప్పటి నుంచి వారానికి రెండు రోజులు నా పని అదే. మా వీధి చివర ఉండే కండక్టరు ఒకరోజు తిరుగు బస్సులో టిక్కెట్టు కొడుతూ అడిగాడు, కారేం చేశారండీ అని. ఇచ్చినదాని ఊసెత్తకూడదు. అయినా నలుగురికీ వినబడేలా చెప్పాను, రోగుల కోసమని ఇస్తే గుడివాడలో మా బావ తన కూతురికి ఇచ్చుకున్నాడని. కండక్టరు టిక్కెట్లు నా చేతిలో పెట్టి ముందుకు వెళ్ళాడు. పక్క సీట్లో ఆవిడ అప్పటికే నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది. పులిగడ్డ వారధి దాటి అవనిగడ్డ చేరేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.