ఒక్క బటన్ మిగిలినప్పుడు

2022 ఎండాకాలం. కరీంనగర్ బస్టాండు వెనక సందులో నాదొక చిన్న రిపేర్ షాపు. లాప్‌టాప్‌లు, గేమ్ కంట్రోలర్లు బాగు చేస్తాను. నా పేరు యాకూబ్. నా నోరు కాస్త దురుసని సందంతా అనుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు. బోర్డు కాలిపోతే కాలిపోయిందని మొహం మీదే చెప్తాను. ‘చూద్దాం, రేపు రండి’ అని మనిషిని తిప్పించుకోవడం నాకు చేతకాదు. అందుకే కొందరికి నేనంటే నమ్మకం, మిగతావాళ్లకు మంట.

అప్పట్లో నా బల్ల మీద ఎప్పుడు చూసినా ఒకటో రెండో ఆర్కేడ్ స్టిక్కులు ఉండేవి. ఆర్కేడ్ స్టిక్ అంటే పీటంత డబ్బా. ఎడమవైపు గుండు తలకాయ ఉన్న కర్ర, కుడివైపు రూపాయి బిళ్ల కన్నా పెద్ద బటన్లు ఎనిమిది. కొట్లాట గేములు ఆడే కుర్రాళ్లు వాడతారు. లోపల ఒక బోర్డు, ఆ బోర్డులో ఫర్మ్‌వేర్ ఉంటాయి. ఏ బటన్ నొక్కితే ఏం జరగాలో బోర్డుకు నేర్పే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. మనకు కావలసినట్టు దాన్ని మార్చుకోవచ్చు.

కుర్రాళ్ల గొడవంతా డీబౌన్స్ దగ్గరే. బటన్ ఒక్కసారి నొక్కినా లోపలి రేకు వణికి రెండు మూడుసార్లు తగులుతుంది. ఆ వణుకును బోర్డు ఎంతసేపు పట్టించుకోకూడదో చెప్పే సెట్టింగ్ డీబౌన్స్. అది తగ్గితే బటన్ చురుగ్గా పలుకుతుంది. “అన్నా, ఇంకా తగ్గియ్యే” అని ప్రాణం తీసేవాళ్లు. తగ్గించి, నాలుగు తిట్లు తిట్టి పంపేవాణ్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి రాజేశం, అతని భార్య పద్మ ఒక పాత లాప్‌టాప్ పట్టుకొని వచ్చారు. రాజేశం సాంచలు నడిపే మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. నలభై దాటలేదు. నరాలు ఒక్కొక్కటే చచ్చుకుంటూ పోయే జబ్బు పట్టుకుంది. ముందు చేతులు, తర్వాత నాలుక, చివరికి ఊపిరి అని పెద్ద డాక్టర్లు చెప్పేశారట. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. లాప్‌టాప్‌లో అక్షరాలు కొట్టి మాట్లాడే ప్రోగ్రామ్ ఏదో వేయించుకుందామని వచ్చారు. తీరా చూస్తే అతని వేళ్లు కీబోర్డు మీద నిలవడం లేదు. ఒకటి కొట్టబోతే మూడు పడుతున్నాయి.

“గిట్ల కాదన్నా,” అని పద్మ తల పట్టుకుంది.

రాజేశం చూపు మాత్రం బల్ల మీద ఉన్న స్టిక్ మీద పడింది. మోచేతితో చేతిని నెట్టుకుంటూ తీసుకెళ్లి ఆ కర్ర మీద పెట్టాడు. పిడికిలి దాని చుట్టూ కుదిరింది. నవ్వాడు.

“సాంచ హాండిల్ లెక్కనే ఉన్నది,” అన్నాడు.

నేను ఒక మాట అడిగాను. “మాట పోతే చేతులతోని సైగ చేస్తవు, కండ్లతోని చెప్తవు. చెల్లెకు అర్థం కాదా?”

“నాకు మంచిగనే అర్థమైతదన్నా,” అంది పద్మ. “సాంచల చప్పుడుకు షెడ్‌ల మాటలు ఇనరావు. అందరం సైగలతోనే మాట్లాడుకుంటం. నేను గూడ ఆడనే నూలు కండెలు చుడ్త. ఈయన పెదవి కదిపితే చాలు నాకు. పరేషానంత అవ్వతోని.”

మా వైపు అమ్మను అవ్వ అంటాం. రాజేశం వాళ్లమ్మకు చూపు పూర్తిగా పోయింది. పద్మ షెడ్డుకు పోకపోతే పొయ్యి వెలగదు. పొద్దంతా ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. రేపు కొడుకు నోరు పడిపోతే అతని సైగలు ఆమెకు కనపడవు. అతని పక్కనే కూర్చొని ఉన్నా బతికున్నాడో లేడో తెలియదు. అప్పుడు నాకు విషయం తలకెక్కింది. వీళ్లకు కావలసింది అమ్మకు వినపడే గొంతు.

ఆ పూటే పని మొదలుపెట్టాను. ఆ స్టిక్ బటన్లను లాప్‌టాప్‌కు కలిపి, ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో రికార్డింగ్ పలికేలా చేశాను. దీన్నే మ్యాపింగ్ అంటాం. గొంతు రాజేశందే. ఇంకా మాట ఉండగానే రికార్డు చేసుకుందామని షాపు షట్టర్ సగం దించి కూర్చోబెట్టాను. నీళ్లు. నొప్పి. పక్కకు తిప్పు. ఫ్యాన్ వెయ్యి. ఫ్యాన్ ఆపు. ఆకలైతుంది. ఊపిరాడుతలేదు. ఒక్కొక్కటీ నాలుగైదుసార్లు చెప్పించాను. చివరకు ఒక బటన్ మిగిలింది.

“ఏం పెడ్దాం?” అన్నాను.

“మంచిగనే ఉన్న అవ్వా,” అన్నాడు రాజేశం. “అవ్వ గంటకోపారి ఎట్లున్నవు బిడ్డా అని అడుగుతనే ఉంటదన్నా. జెవాబు చెప్పకుంటే ఆగమైతది.”

ఆ ఒక్కటీ మొదటిసారికే బాగా వచ్చింది. మాట చివర కొంచెం నవ్వు కూడా పడింది.

కొన్ని నెలలకు పద్మ డబ్బా పట్టుకొని ఒక్కతే వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. రాజేశానికి మాట పోయింది, వేళ్లకు వణుకు పట్టింది. ఒక బటన్ నొక్కబోతే చెయ్యి వణికి పక్క బటన్లు కూడా పలుకుతున్నాయి. ఒకరోజు నీళ్లు అడగబోతే “ఊపిరాడుతలేదు, ఊపిరాడుతలేదు” అని వరసగా మోగిందట. సందు నిండా సాంచల చప్పుడు, ఇంట్లోంచి అరిస్తే ఎవరికీ వినపడదు. ముసలావిడ గోడ పట్టుకొని బయటికి పరుగెత్తింది, అరుగు మీది నుంచి పడింది. తుంటి ఎముక విరిగింది.

“మంచాన ఒకరు, మంచం పక్క ఒకరు,” అంది పద్మ. “ఆయనను చూడలేకపోతున్నన్నా. నా వల్లనే పడ్డది అవ్వ అని ఒక్కతీర్గ ఏడుస్తుండు. నోట్లెకెళ్లి ఏడుపు గూడ వస్తలేదు, కండ్లల్ల నీళ్లే.”

వణుకును బోర్డు పట్టించుకోకుండా చెయ్యాలంటే డీబౌన్స్ పెంచాలి. నా సర్వీసులో తగ్గించమన్నవాళ్లే గాని పెంచమన్నవాళ్లు లేరు. ఆ బోర్డులోని పాత ఫర్మ్‌వేర్ ఒక హద్దు దాటి పెంచనివ్వలేదు. కొత్త వెర్షన్ పెంచనిస్తుంది. సరే, అప్‌డేట్ చేద్దామన్నాను. బోర్డు మీద చిన్న బటన్ నొక్కిపట్టి కేబుల్ గుచ్చితే అది పెన్ డ్రైవ్ లాగా కనిపిస్తుంది. కొత్త ఫైల్ అందులో వెయ్యాలి, అంతే. మధ్యలో కరెంటు పోయిందా, పని సగంలో ఆగి మొత్తం మొదటి నుంచి చెయ్యాలి. పాత సెట్టింగులు ఎలాగూ తుడిచిపెట్టుకుపోతాయి, అందుకే ముందే దాచిపెట్టుకుంటున్నానని పద్మకు చెప్పాను.

తుడిచిపెట్టుకుపోతాయన్న మాట చెవిన పడగానే పద్మ లేచి నిలబడింది.

“అన్నా, ఆయన గొంతు పోదు గదా?”

“పోదు చెల్లె. గొంతు లాప్‌టాప్‌ల ఉన్నది, డబ్బాల లేదు. ఫికర్ చెయ్యకు, కూసో.”

“ఒక్కపారి ఇనిపియ్యి మరి.”

వినిపించాను. అప్పుడు కూర్చుంది. అప్‌డేట్ అయ్యాక డీబౌన్స్ బాగా పెంచి, ఎనిమిది బటన్లను మూడు చేశాను. నీళ్లు, ఊపిరాడుతలేదు, మంచిగనే ఉన్న అవ్వా. మిగతావి తీసేసి ఆ రంధ్రాలకు మూతలు బిగించాను. పనయితే చక్కగా కుదిరింది, దొంగ మోతలు ఆగిపోయాయి. కాని ఒక మనిషి మాటలను నా స్క్రూ డ్రైవర్‌తో ఊడదీస్తున్నట్టు అనిపించి ఆ రోజు అన్నం సహించలేదు.

తర్వాతి ఎండాకాలం పద్మ ఫోన్ చేసింది. “ఒక్క ఏలే కదులుతుందన్నా. జర ఇంటికి రారాదు?” షాపు మూసి సిరిసిల్ల బస్సెక్కాను.

రాజేశం గోడవారగా మంచంలో ఉన్నాడు. నన్ను చూసి కళ్లు మూసి తెరిచాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే ఆడుతోంది. అవ్వ అతని కాళ్ల దగ్గర కుర్చీలో కూర్చొని ఉంది. “ఎవరు బిడ్డా?” అంది. “మిషన్ బాగుచేసే యాకూబ్‌ను అవ్వా,” అన్నాను. “నా కొడుక్కు మాట ఇచ్చినోనివి, సల్లగుండు,” అని గాల్లోకి దండం పెట్టింది.

ఆ వేలికి బలం లేదు. మామూలు బటన్ దిగదు. స్విచ్‌లోని స్ప్రింగ్ తీసి, నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మెత్తటిది వేశాను. అప్పుడు నొక్కగలిగాడు. కాని ఒక చిక్కు వచ్చింది. వేలు ఊరికే బటన్ మీద పడినా దాని బరువుకే నొక్కుకుంటోంది. అందుకని బటన్ పక్కన ఒక స్పంజి ముక్క అతికించి, “వేలు ఎప్పుడు ఈ స్పంజి మీదనే ఆనిచ్చి పెట్టాలె చెల్లె, ఆయన జరిపినప్పుడే బటన్ మీదికి రావాలె,” అని పద్మకు రెండుసార్లు చూపించాను. కొద్దిగా నొక్కితే ఒక మాట, పట్టి నొక్కితే ఇంకో మాట వచ్చేలా కూడా పెట్టి చూశాను. పట్టి ఉంచడం అతని వల్ల కాలేదు. ఒక్క బటన్, ఒక్క మాట. అంతకుమించి ఏ సెట్టింగూ మిగలలేదు.

“ఏముంది, ఊపిరాడుతలేదు అన్నదే ఉంచుదాం. అసలు పనికొచ్చేది అదే,” అన్నాను.

రాజేశం కళ్లు మూయలేదు. మూస్తే ఔనని అర్థం. పద్మ మంచం పక్కన కూర్చొని అతని పెదవుల వంక చాలాసేపు చూసింది. తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచింది.

“మంచిగనే ఉన్న అవ్వా అన్నదే ఉంచుమంటుండు.”

నాకు తిక్క రేగింది. “పిచ్చి లేచిందా మీ ఇద్దరికి? గొంతుల కఫం అడ్డం పడితె? ఊపిరి ఆగితె? మంచిగున్న అని చెప్పుకుంట పోతడా?”

“చెప్పిన అన్నా. కొట్లాడిన గూడ. ఊపిరాడుతలేదంటే అవ్వ ఏం చేస్తదని అడుగుతుండు. మల్ల ఉరుకుతది, మల్ల పడ్తది. ఆమె సచ్చినా నేను బతుకుడు లేదు గదా అంటుండు.” కొంగు నోట్లో కుక్కుకుంది. “ఆయన మాట అది. ఆయనకున్నది గా ఒక్క మాటే. గది గూడ మనమే ఏరుదమా?”

లోపలికి వెళ్లి అతను అడిగిందే పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను. “ఎట్లున్నవు బిడ్డా?” అంది అవ్వ పరీక్ష చేస్తున్నట్టు. వేలు స్పంజి మీది నుంచి జరిగింది. “మంచిగనే ఉన్న అవ్వా” అని స్పీకర్‌లోంచి పాత రాజేశం నవ్వుతూ పలికాడు. మంచంలో ఉన్న రాజేశం పైకప్పు వంక చూస్తున్నాడు. తిరుగు బస్సులో నాకు ఏడుపాగలేదు. పక్క సీటాయన ఏమైందని అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాను.

వానలు మొదలయ్యాక రాజేశం పోయాడు. దినాలు అయిపోయాక పద్మ షాపుకొచ్చింది. డబ్బా గుడ్డలో చుట్టి తెచ్చింది. బాగు చెయ్యడానికి తెచ్చిందేమో అనుకున్నాను. దాన్ని ఒళ్లోనే పెట్టుకొని కూర్చుంది.

“బువ్వకని షెడ్‌ల నుంచి ఇంటికొచ్చిన. అవ్వ ఆయన కాళ్ల మీద చెయ్యేసి కూసున్నది. చప్పుడు చెయ్యకు బిడ్డా, ఇప్పుడే పండుకున్నడు అన్నది. దగ్గరికి పోయి చూస్తె మొకం నల్లవడ్డది. ఊపిరి కోసం బగ్గ తండ్లాడిండన్నా. నాకు మొకం చూస్తనే తెలిసింది.” ఒళ్లోని డబ్బా మీద చెయ్యేసింది. “అవ్వ ఏమంటదో ఎరుకేనా? అడిగితేనే జెవాబు చెప్పెటోడు, ఆ పూట అడగకముందే మంచిగనే ఉన్న అవ్వా అని తనంతట తనే చెప్పిండు, చెప్పి నిమ్మలంగ పండుకున్నడు అంటది. వచ్చినోళ్లందరికి గదే చెప్తుంది. గా ఒక్క మాట పట్టుకొనే బువ్వ తింటుంది.”

నేను చేతిలోని స్క్రూ డ్రైవర్ బల్ల మీద పెట్టాను.

“నేను పోయి చూసేటాళ్లకు ఏలు స్పంజి మీద లేదు. బటన్ మీద పడి ఉన్నది,” అంది పద్మ. నా కళ్లలోకి సూటిగా చూసింది. “నీకే ఎరుక అన్నా దీని సంగతి. ఆయనే ఒత్తిండా?”

నాకు ఎరుకే. ఆ స్ప్రింగ్ వేసింది నేనే. ఊపిరి కోసం కొట్టుకునే మనిషి చెయ్యి కదిలి ఉంటుంది. లేదంటే ప్రాణం పోయాక వేలు వాలి ఉంటుంది. అవ్వ అడగకుండానే అది పలికిందంటే నొక్కింది వేలి బరువే తప్ప మనిషి కాకపోవచ్చు. తెలిసింది తెలిసినట్టు చెప్తానని కదా నాకు పేరు.

“ఆయనే ఒత్తిండు చెల్లె,” అన్నాను. “గా సెట్టింగ్ పెట్టింది నేను. ఊకె ఏలు పడితె పలకది. మనిషి ఒత్తితేనే పలుకుతది.”

పద్మ కాసేపు నన్నే చూసింది. స్పంజి సంగతి తనకు నేను నేర్పిందే. వేలు బరువుకే నొక్కుకుంటుందని రెండుసార్లు చెప్పి చూపించింది నేనే. ఆమె మరిచిపోయే మనిషి కాదు.

“సరే అన్నా,” అంది. “అవ్వకు గట్లనే చెప్త.” డబ్బాను మళ్లీ గుడ్డలో చుట్టుకొని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

స్టిక్కులు పట్టుకొని కుర్రాళ్లు ఇప్పటికీ వస్తారు. డీబౌన్స్ తగ్గించమంటారు, తగ్గిస్తాను. బోర్డు పోయిందా అంటే పోయిందనే చెప్తాను, ఆ బుద్ధి మారలేదు. కాని ఎవరైనా మిషన్ గురించి అడిగినప్పుడు ఇప్పుడు ముందు వాళ్ల మొహం చూస్తాను. వాళ్లు అడుగుతున్నది మిషన్ సంగతి కాకపోవచ్చని పద్మ దగ్గరే నేర్చుకున్నాను.