వెండెలీన్‌కి బుర్రకెక్కలేదు

మా ఊళ్లో వెండెలీన్ అనే మనిషికి ఒకటే జబ్బు. ఎవరు ఏది చెప్పినా, అది ఎంత చిన్న సంగతైనా, చెయ్యెత్తి, "మరొక్కసారి చెప్పండి, నాకు బుర్రకెక్కలేదు" అంటాడు. ఒక్కసారి అని ఊరుకుంటే నేనిది రాయాల్సిన పనే లేదు. ఎక్కేదాకా అంటాడు. చెప్పేవాడు ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోయి, తను చెప్పేది తనకే అర్థంకాక, కుర్చీలో కూలబడేదాకా అంటాడు.

ఆ మనిషి వల్ల నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. పదహారేళ్లు ఈ ఊరికి ప్రెసిడెంటుగా చేసినవాణ్ని. ఎగువ వీధికి కుళాయి తెచ్చింది నేను. వీధి స్తంభాలకి కొత్త మైకులు కట్టించి, పొద్దున్నే ఊరికి కబుర్లు చదివింది నేను. అగ్నిమాపక దళాన్ని జిల్లా పోటీల్లో రెండో స్థానానికి తెచ్చింది నేను. మొదటి స్థానం వచ్చినవాళ్ల గొట్టం పొడవు మీద నాకిప్పటికీ అనుమానమే. ఇంత చేసినవాడు చదివింది ఎక్కడయ్యా అంటే, ఈ ఊరి బడిలోనే, ఎనిమిది తరగతులు. అన్నిట్లోనూ ఒకట్లే, పాటల్లో తప్ప. మా బడుల్లో ఒకటంటే అన్నిటికన్నా పైన, ఐదంటే తప్పినట్టు.

లెక్కల్లో కూడా ఒకటే. అదీ పక్కన ఎవరుండగా? వెండెలీన్ ఉండగా. ఎనిమిదేళ్లూ నా బెంచీ వదల్లేదు. ప్రతి లెక్కకీ చెయ్యెత్తేవాడు, మాస్టారు ప్రతి లెక్కా మూడేసి సార్లు చెప్పేవారు. ఆ గోలలో కూర్చుని ఒకటి తెచ్చుకోవడమంటే మాటలు కాదు. వాడికేమో, తరగతి సాగనివ్వడం లేదని మాస్టారు మూడు వేశారు.

తరవాత ముప్ఫై ఎనిమిదేళ్లు కోతమిల్లులో దుంగలు కొలిచాడు. ఒక మాట ఒక్కసారి చెబితే ఎక్కనివాడు అన్ని దుంగలు ఎలా కొలిచాడో ఆ దేవుడికే తెలియాలి.

పైగా సభలో వాడికి ఒక చోటంటూ ఉండదు. నాకు ముందు వరసలో కుర్చీ ఉంది, ఫాదర్ గారికి కిటికీ పక్కన ఉంది. వెండెలీన్ ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ, గూడు కుదరని కోడిలాగా. ఎగువ వీధి కుళాయిల సభలో ముసలి గాష్పర్కా పక్కన కూర్చున్నాడు. చలికాలంలో గొట్టాలు పగలకుండా నేలమాళిగలో మరని కుడికి తిప్పి కట్టెయ్యాలి అని నేను చెప్పాను. ఇంతకన్నా తేలికైన మాట ఈ భూమ్మీద ఉంటుందా?

"ఎవరి కుడికి?" అన్నాడు.

"నీ కుడికి."

"నేను మరని చూస్తూ నించోనా, మెట్లని చూస్తూ నించోనా?"

"మరకి వీపు పెట్టి మర ఎవడు తిప్పుతాడురా?"

"మరొక్కసారి చెప్పు ఇమ్రో, ఎక్కలేదు."

అలా నాలుగుసార్లు. సభంతా నవ్వింది, గాష్పర్కా తప్ప. ఆవిడ పెదాలు కదుపుతూ, కుడిచెయ్యి గాల్లో తిప్పుకుంటూ కూర్చుంది. ఇంకోసారి గుడిలో, ఫాదర్ గారు ప్రార్థనల వేళలు మారాయని చెబుతుంటే, చెవిటి మెలిఖర్ పక్కన కూర్చున్న మా వాడు లేచి, "ఫాదర్, కాస్త గట్టిగా మరొక్కసారి" అన్నాడు. గుళ్లో ప్రశ్నలడిగిన మనిషిని ఊరు అదే చూడటం.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఈ ఏడాది తొమ్మిదో తరగతి పరీక్ష మార్చేశారు. కాయితం పోయి కంప్యూటరు వచ్చింది. మార్కు పోయి రెండు అంకెలు వచ్చాయి, ఒకటి శాతం, ఇంకోటి పర్సంటైల్. నా మనవరాలు బిబియాన ఆ పరీక్ష రాసింది. పట్నంలో పెద్ద బడికెళ్లి, ఆపైన గొర్రెల డాక్టరవ్వాలని దానికి ఏడో ఏటి నుంచీ పట్టుదల. వాళ్లమ్మకి కార్ల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. రెండు దరఖాస్తులు నా చేతిలో పెట్టింది. ఒకటి పెద్ద బడికి, ఒకటి జుట్టు కత్తిరించడం నేర్పే బడికి. "నాన్నా, శుక్రవారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి ఇవ్వాలి. ఫలితం చూసి నువ్వే తేల్చు. మన ఇంట్లో చదువు తెలిసినవాడివి నువ్వే కదా" అంది.

మంగళవారం కవరు వచ్చింది. విప్పాను. పర్సంటైల్ అన్నచోట తొంభై ఆరు. శాతం అన్నచోటికి నా కళ్లు పోనేలేదు.

మా కాలంలో ఐదొస్తే ఇంట్లో బెల్టు తీసేవాళ్లు. తొంభై ఆరొస్తే ఏం తియ్యాలో నాకు తెలియలేదు. కాయితం వెనక సన్నక్షరాల్లో వివరం ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. తుడుచుకుని మళ్లీ చదివాను. "మిగతా విద్యార్థులతో పోల్చినప్పుడు స్థానం" అని ఉంది. వందమందిలో తొంభై ఆరో స్థానం. నా మనవరాలు. జిల్లాలో రెండో స్థానం తెచ్చినవాడి మనవరాలు.

పిల్ల అడిగితే ఇంకా రాలేదన్నాను. రెండు రోజులు దాని ముఖం చూడలేక మేకల పాకలోనే గడిపాను. దానికి రాత్రిళ్లు నేను నేర్పిన ఎక్కాలే దాన్ని ముంచాయేమో అనుకున్నాను. లోకం నన్ను దాటిపోయిందనీ, పోతూ పోతూ పిల్లని కూడా తొక్కేసిందనీ అనుకున్నాను. గురువారం పొద్దున కూర్చుని, జుట్టు బడి దరఖాస్తు మీద సంతకం పెట్టి, కోటు జేబులో దోపుకున్నాను.

రొట్టెల కొట్టు దగ్గర వరసలో నా వెనక వెండెలీన్ నించున్నాడు.

"ఏరా ఇమ్రో, ఎవరన్నా పోయారా?"

"పోయినట్టే. పిల్ల జుట్టు కత్తిరించే బడికి పోతోంది."

"గొర్రెల డాక్టరన్నారు కదరా."

చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాను. "తొంభై ఆరు వచ్చిందిరా. పర్సంటైలు."

"మరొక్కసారి చెప్పు."

"తొంభై ఆరు. నీ బుర్రలో ఒక్క అంకె కూడా పట్టదట్రా?"

నన్ను కాసేపు అలాగే చూశాడు.  రొట్టె కూడా కొనకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అయిదింటికి ఊరి హాల్లో, కొత్త పరీక్ష గురించి తల్లిదండ్రులకి వివరించే సభ. బడి పెద్దమ్మ, అదే హెడ్మిస్ట్రెస్, ద్రహోస్లావా గారు తెర మీద గీతలు, వంపులు చూపిస్తూ చెబుతోంది. ఆవిడ పాపం మంచి మనిషే, కానీ చెప్పేది రైలు వేగంతో చెబుతుంది. హాలంతా గాలికి గోధుమ చేను ఊగినట్టు తలాడిస్తోంది. తల్లిదండ్రుల సంఘానికి గౌరవాధ్యక్షుణ్ని కాబట్టి, ముందు వరసలో అందరికన్నా గట్టిగా నేను ఆడిస్తున్నాను.

అప్పుడొచ్చాడు వెండెలీన్, మెడకి టై కట్టుకుని. బడిలో వాడి పిల్లలెవరూ లేరు, మనవలూ లేరు. హాలంతా ఒకసారి చూసి, నేరుగా నా దగ్గరికొచ్చి, పక్క కుర్చీలో ఉన్న నా టోపీ తీసి నా ఒళ్లో పెట్టి, కూర్చున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

పెద్దమ్మ చెప్పడం ముగించి, సందేహాలున్నాయా అని అడిగింది. సంఘం తరఫున కృతజ్ఞతలు చెబుదామని నేను లేవబోతున్నాను. పక్కన చెయ్యి లేచింది.

"మరొక్కసారి చెప్పండి టీచరమ్మా, నాకు బుర్రకెక్కలేదు."

ఆవిడ మళ్లీ చెప్పింది. మళ్లీ ఎక్కలేదు. వెనకనుంచి ఎవరో, వెండెలీన్ ఈ వయసులో తొమ్మిదో తరగతి రాస్తున్నాడా అన్నారు. నవ్వులు. నేను వాడి కోటు పట్టి లాగాను. వాడు నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"నేను దుంగలు కొలిచినవాణ్ని. నాకు దుంగల్లో చెప్పండి. వంద దుంగలున్నాయి. అన్నిటికన్నా సన్నది ఒకటో నంబరు, అన్నిటికన్నా లావుది వందో నంబరు. సరేనా? ఇప్పుడు తొంభై ఆరో నంబరు దుంగ, ఊరికే మాటకి అనుకుందాం, పొయ్యిలోకి పోతుందా, గుడి దూలానికి పోతుందా?"

"గుడి దూలానికే" అంది ఆవిడ. "తొంభై ఆరు వచ్చిన పిల్లకన్నా దాదాపు తొంభై అయిదు మంది వెనక ఉన్నట్టు."

"వెనకేనా? ముందు కాదు కదా?"

"వెనకే. ముందున్నది నలుగురే."

"మరి మా బడిలో ఒకటే గొప్ప కదండీ."

"అది మార్కు, వెండెలీన్ గారూ. చిన్నదైతే మంచిది. ఇది ఎంతమందిని దాటారనే లెక్క. పెద్దదైతే మంచిది."

"మరొక్కసారి, కాస్త నెమ్మదిగా."

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఈసారి హాల్లో ఒక్క తల కూడా ఆడలేదు. నా జేబులో ఉన్న దరఖాస్తు నా పిడికిట్లో ఉండయిపోయింది.

అంతలో చివరి వరసలో తేనెటీగలు పెంచే రాడోవన్ నించున్నాడు. ముఖం తెల్లబోయింది.

"అంటే, నాలుగు వస్తే?" అన్నాడు. వాళ్లబ్బాయికి నాలుగొచ్చిందని బుధవారం పందిని కోసి వీధంతా సాసేజులు పంచారు. నేనూ తిన్నాను.

ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ తెర ఆపేసి, రేపు పొద్దున్నే తన గదికి రమ్మంది. చెయ్యగలిగింది చాలా ఉందంది. ఈ మాట మాత్రం చాలా నెమ్మదిగా చెప్పింది.

ఇంటికెళ్లి బిబియానకి కవరిచ్చి, ఇప్పుడే వచ్చిందన్నాను. అది అంకె చూసి నా మెడకి చుట్టుకుంది. ఆ తరవాత కవరు చూసింది.

"తాతా, దీని మీద మన ఊరి పోస్టాఫీసుది మంగళవారం ముద్ర ఉంది."

"పోస్టువాళ్లకి బాధ్యత లేదమ్మా" అన్నాను.

శుక్రవారం తొమ్మిదింటికల్లా పెద్ద బడి దరఖాస్తు ఇచ్చేసి వచ్చాను. మధ్యాహ్నం మా ఆవిడ ఒటీలియా గొర్రె జున్ను కలిపిన హలుష్కీ అనే బంగాళాదుంప ఉండలు వడ్డిస్తుంటే, వెండెలీన్ గాడి మొద్దుబుర్ర ఒక్కసారైనా పనికొచ్చిందని నవ్వాను. ఆవిడ గరిటె ఆపింది.

"దూరం నుంచి చూసి దుంగ కొలత చెప్పే మనిషికి వందదాకా లెక్క రాదనుకున్నావా? ఎవరికి అర్థం కాలేదో చూసుకుని వాళ్ల పక్కన కూర్చుంటాడయ్యా వాడు. వాళ్లడగలేనిది వాడడుగుతాడు. గాష్పర్కాకి కుడిఎడమలు తెలీవని ఎవరికి తెలీదు? పదహారేళ్లు ప్రెసిడెంటువి, నీకే తెలీలేదా?"

"ఊరుకోవే" అన్నాను. "అలాగైతే మరి బడిలో ఎనిమిదేళ్లూ నా పక్కనే..."

అక్కడ ఆగిపోయాను. మా ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె వేసింది. "తిను, చల్లారిపోతుంది" అంది.

పోయిన నెల చెత్త వేరుచెయ్యడం మీద సభ పెట్టారు. పసుపు డబ్బా, నీలం డబ్బా, గోధుమరంగు డబ్బా, మూత కడిగితే ఒకదాన్లో, కడక్కపోతే ఇంకోదాన్లో. ముందు వరసలో కూర్చుని నేను గట్టిగా తలాడిస్తున్నాను. తలుపు తీసుకుని వెండెలీన్ వచ్చాడు. గుమ్మంలో నించుని హాలంతా ఒకసారి చూశాడు. టై కట్టుకున్నాడు.

నాకంతా అర్థమైంది. అయినా పక్క కుర్చీలోంచి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.