చప్పిడి ఉలవకట్టు

మా నాయనకు జ్వరం తగ్గింది కానీ తిండి లోపలికి పోవడం లేదు. ఇడ్లీ పెడితే దూది అన్నాడు, గంజి ఇస్తే కుడితి అన్నాడు. ఖాళీ కడుపున మాత్రలు వేయకూడదనీ, ఇట్లాగే తినకపోతే అనంతపురం తీసుకుపోయి సెలైన్ ఎక్కించాల్సిందేననీ బత్తలపల్లె డాక్టరు చెప్పాడు. చివరికి నాయనే నోరు తెరిచాడు. "మా అమ్మ చేసే ఉలవకట్టూ రాగిసంగటీ ఉంటే తింటానేమో."

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నా భార్య పుట్టింట్లో ఉంది. పొయ్యి ముందు నేనే నిలబడ్డాను.

నానిన ఉలవలను మెత్తగా ఉడికించి నీళ్లు వంచుకోవాలి. అదే కట్టు. కాసిన్ని ఉలవలు నూరి అందులో కలిపి, చింతపండు పులుసు, కారం వేసి మరిగించి, తిరగమోత పెట్టాలి. వెల్లుల్లి వేయకూడదు. మా ఇంట్లో ఏది వండినా ముందు దేవుని గూటికి పోతుంది, అంతవరకు వండినవాళ్లు చుక్క కూడా నాలుక మీద వేసుకోకూడదు. అవ్వ పెట్టిన నియమం అది. శనివారాలు భజనమందిరంలో పురాణం చెప్పేది నేను. ఎంగిలి నైవేద్యం పనికిరాదని అక్కడ ఎంతమందికి చెప్పానో! అందుకని రుచి చూడకుండా వండి, గిన్నె గిన్నెంతా దేవుని ముందు పెట్టాను. ప్రసాదమయ్యాక దాన్ని మళ్లీ దిద్దితే దేవుడు ఒప్పుకున్నదానికి వంక పెట్టినట్టే. అట్లాగే నాయనకు వడ్డించాను.

ఒక్క ముద్ద ముంచుకుని ముఖం చిట్లించాడు.

"ఉప్పు యాడేసినావప్పా? పొయ్యిలోనా?"

"ప్రసాదం నాయనా, అట్లనకూడదు."

"జరమొచ్చింది దేవునికా? నాకా?" అని కంచం పక్కకు తోసేశాడు.

మరునాడు ఉప్పు ధారాళంగా వేశాను. సంగటి గెలికి గెలికి రెక్కలు పడిపోయాయి. నాయన నాలుకకు ఆనించి, "నిన్న మర్సిపోయింది గూడా దీంట్లోనే ఏసినట్టుండావే" అని మళ్లీ తోశాడు. మాత్రలు పొట్లంలోనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. వంకలు పెట్టే నాయన మీదో, కొలత చెప్పకుండా పోయిన అవ్వ మీదో తెలియలేదు.

ముదిగుబ్బలో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాను.

"అవ్వ ఉప్పెంతేసేది అత్తా?"

"సరిపోయేంత."

"రుచి చూడకుండా సరిపోయిందని ఎట్ల తెలుస్తాది?"

"చూసేది కాదని నీకెవురు చెప్పినారప్పా? దించంగానే దేవునికి చిన్న గిన్నెలోకి తీసిపెట్టేది. మిగిలింది నాలికమీద ఏసుకోని, చాలకుంటే ఉప్పేసేది."

"అంటే మనకు ఉప్పు, దేవునికి చప్పిడిదా?"

"దేవుడు ఏపొద్దన్నా కంచం తోసినాడా? తోసేది మీ నాయన కదా!"

అత్త నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. ఆలోచిస్తే అవ్వ నియమం ఎక్కడా తప్పలేదు. దేవునిది ఎంగిలి కాలేదు. నన్ను మరీ విసిగించింది అదే. ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే ఏం పోయేది?

మూడోసారి దించగానే ఇత్తడి గిన్నెలోకి కొంచెం తీసి గూట్లో పెట్టాను. మిగిలింది రుచి చూశాను. చాలలేదు. ఉప్పు వేసి మళ్లీ చూశాను, సరిపోయింది. కానీ స్వామికి చప్పిడిది పెట్టి మనం కమ్మగా తినడానికి మనసొప్పలేదు. ఆ గిన్నెలోనూ ఒక చిటికెడు వేసి, "ఎక్కువో తక్కువో నీకే తెలుసు" అని హారతి ఇచ్చాను.

నాయన సంగటి తుంచి, కట్టులో ముంచి మింగాడు. నేను ఆయన కంచం వైపే చూస్తున్నాను. ఇంకో తుంట తుంచాడు. కంచం కదల్లేదు.

"మా అమ్మది ఇంకాస్త పుల్లగుండేది" అన్నాడు.

"రేపు చింతపండు నువ్వే పిసుకు" అంటూ మాత్రలు పొట్లంలోంచి తీశాను.

"అవి ఆడ పెట్టు. ముందు ఇంగో ముద్ద ఎయ్యి."