అత్తమ్మ వచ్చిందా సార్?

మనిషి పరువు పోవడానికి ఎంతసేపు పడుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా? నాది ఒక్క ప్రశ్నతో పోయింది. అదీ నిండు సభలో, మైకులో, నా మెడలో బంతిపూల దండ ఇంకా వాడకముందే. ఆ కథ చెబుతాను. నవ్వడానికి మీకు పూర్తి హక్కుంది. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వగలనో లేదో చూద్దాం.

షాద్‌నగర్‌లో నాది మోటార్ల వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోస్తాను. పదో తరగతిలో లెక్కలు నన్ను బడి బయటికి నెట్టేస్తే, గ్రంథాలయం చెయ్యిపట్టి లోపలికి తీసుకుంది. పొద్దున దినపత్రికలు, సాయంత్రం పుస్తకాలు. కాపలా లేని చేనును మేక మేసినట్టు బీరువా తర్వాత బీరువా మేశాను. ఊళ్ళో డిగ్రీలు చదివినవాళ్ళు నాతో వాదనకు దిగాలంటే కాస్త ఆలోచించేవాళ్ళు. భయంతోనే ఆలోచించేవాళ్ళని అప్పట్లో అనుకునేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొత్త. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగాయి, కిరాయి ఇళ్ళకు గిరాకీ పెరిగింది. నేనూ ఇంటి మీద రెండు గదులు వేసి గేటుకు బోర్డు కట్టాను. ఆ ఏడే, మలేరియా పట్టుకున్నట్టు, నన్ను జాతివివక్ష అనే విషయం పట్టుకుంది. గొలుసులు వేసి ఓడల్లో తెచ్చిన మనుషుల గురించి, రంగును బట్టి వేరు చేసిన బడుల గురించి, బస్సుల గురించి దొరికిందల్లా చదివాను. చదువుతూ గ్రంథాలయంలోనే కన్నీళ్ళు పెట్టుకునేవాణ్ణి. పత్రికలు తడుస్తాయని లైబ్రేరియన్ గారు వాటిని మెల్లగా అవతలికి జరిపేవారు.

దుకాణానికి వచ్చిన రైతులనూ వదల్లేదు. "ఆ దేశంల నల్లోళ్ళను బస్సుల ఎన్క సీట్లల్ల కూసోబెట్టేటోళ్ళు, తెలుసా?" అని ఒకాయనను అడిగాను. "మా ఊరికి బస్సే రాదు. జర మోటరు సంగతి చెప్పు" అన్నాడాయన.

ఒక ఆదివారం నా భార్య సుగుణ పెళ్ళికని రామన్నపేట వెళ్ళింది. నేను వరండాలో కూర్చుని అదే విషయం మీద లావుపాటి పుస్తకం చదువుతూ, ఏడవాల్సిన పేజీ దగ్గరికి వచ్చాను. గేటు చప్పుడైంది.

"కిరాయికి ఇల్లున్నదంట గద సార్."

అచ్చమైన మన యాస. తల ఎత్తకుండానే "ఉన్నది, లోపలికి రాండ్రి" అన్నాను. అప్పుడు తల ఎత్తాను. ఎత్తయిన మనిషి, బాగా నల్లటి మనిషి. చేతిలో పుస్తకం దానంతటదే మూసుకుంది.

ఆయన తన సంగతి చెప్పుకున్నాడు. పేరు జోసెఫ్. ఊరు టాంజానియాలో. హైదరాబాదుకు చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీలో యంత్రాలు చూస్తున్నాడు. తెలుగు క్యాంటీన్‌లో నేర్చుకున్నాడు. నలుగురు బ్రహ్మచారులతో ఒకే గదిలో ఉంటున్నాడు. వాళ్ళ దేశంలో ఉన్న భార్య గర్భవతి. నెలలు నిండకముందే ఆమెను ఇక్కడికి తెచ్చుకోవాలి, తేవాలంటే ముందు ఇల్లు దొరకాలి.

"బిడ్డ పుట్టినప్పుడు నేను పక్కన ఉండాలె సార్. గంతే" అన్నాడు.

మన ఊళ్ళలో ఇల్లు ఇవ్వం అని ఎవరూ ముఖం మీద చెప్పరు. మర్యాదస్థులం కదా. చుట్టాలను పిలుస్తాం. ఒకరికి ఇవ్వబుద్ధి కాకపోతే తమ్ముడు బదిలీ మీద వస్తాడు, ఇంకొకరికి బిడ్డ పురిటికొస్తుంది. ఫ్యాక్టరీ వాళ్ళను ఆటోలో తిప్పే నా మిత్రుడు ఖాజా భాయ్ ఇల్లు వెతుక్కున్న రోజుల్లో, ఈ ఊరి ఇంటి ఓనర్లందరి అల్లుళ్ళూ ఒకే నెలలో దిగిపోయారు. ఆ నిమిషంలో నాకు తమ్ముడూ గుర్తు రాలేదు, బిడ్డా గుర్తు రాలేదు.

"మా అత్తమ్మ వస్తున్నది. పై ఇల్లు ఆమెకే అనుకున్నం" అన్నాను.

"పానం మంచిగ లేదా సార్ ఆమెకు?"

"లేదు."

ఇందులో అబద్ధం లేదని మనవి. మా అత్తమ్మ చనిపోయి అప్పటికి చాలా ఏళ్ళైంది. అంతకంటే పాడైన ఆరోగ్యం ఎవరికుంటుంది?

"మంచిగ చూసుకోండ్రి" అని చెప్పి, ఆయన గేటు చప్పుడు కాకుండా వేసి, గొళ్ళెం కూడా పెట్టి వెళ్ళాడు. నేను పుస్తకం తెరిచి, ఆగిన పేజీ వెతుక్కుని, మిగిలిన ఏడుపు పూర్తి చేశాను. సుగుణ ఒప్పుకోదని, వీధి ఊరుకోదని నాకు నేను చెప్పుకున్నాను. సుగుణనూ అడగలేదు, వీధినీ అడగలేదు. ఆమె తిరిగొచ్చాక ఆ సంగతే ఎత్తలేదు.

కొన్ని నెలలు గడిచాయి. నేను చెప్పిన కిరాయికి బేరం కుదరక పై గదులు ఖాళీగానే ఉన్నాయి. గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగారు. విషయం మీకు తెలిసిందే. ఉపన్యాసం ఒక్కటే చాలదనిపించింది నాకు. వేదిక మీద సన్మానానికి ఒక మనిషి కూడా ఉండాలి. ఖాజా భాయ్‌ని పట్టుకున్నాను.

"భాయ్, మీటింగుకు ఒక ఆఫ్రికా ఆయన దొరుకుతడా?"

"షామియానా అడిగినట్టే అడుగుతున్నవు గదనే. ఒక్కటి సాలునా, రెండు కావాల్నా?"

వెక్కిరించినా పని చేసిపెట్టాడు. సభ రోజు సాయంత్రం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉన్న ఒకాయనను ఆటోలోంచి దింపాడు. నేను ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను.

"మనం ఇదివరకు కలవలేదనుకుంటా" అన్నాను.

ఆయన నావైపే చూస్తూ, "కలిసినం సార్" అన్నాడు.

"నిజమే. మనుషులమందరం ఎప్పుడో ఒక్కచోటి నుంచి విడిపోయినోళ్ళమే" అని భుజం తట్టాను. ఎంత గొప్ప మాట అన్నానో అని నాకే ముచ్చటేసింది. ఖాజా భాయ్ మాత్రం జ్వరమొచ్చిందా అన్నట్టు నా ముఖం చూశాడు.

ఆ సాయంత్రం నేను మాట్లాడినంత బాగా ఇంకెప్పుడూ మాట్లాడలేదు. నా గొంతుకు కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. మనిషిని రంగుతో కొలిచేవాడు మనిషే కాడన్నాను. "మీ ఇంటి తలుపు తెరవండి, మీ మనసు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది" అన్నాను. చప్పట్లు పడ్డాయి. ముందు వరుసలో సుగుణ కొంగుతో కళ్ళద్దుకుంది. అతిథికి శాలువా కప్పాను. లైబ్రేరియన్ గారు నాకూ ఒక దండ వేసి, అతిథిని రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఆయన మైకు దగ్గరికి వచ్చాడు.

"సార్ మస్తు మంచిగ చెప్పిండు. నేను గంత మంచిగ చెప్పలేను. సార్‌ను ఒక్కటి అడిగి కూసుంట." నావైపు తిరిగాడు. "అత్తమ్మ వచ్చిందా సార్?"

నాకు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. నవ్వుతూ చుట్టూ చూశాను.

"పై ఇల్లు ఆమెకని చెప్తిరి గద. ఇయ్యాల గూడ గేటుకు బోర్డు ఉన్నది. ఆమెకు పానం ఎట్లున్నదో ఏమో అనుకున్న."

గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, పట్టుకుని తగవు పెట్టుకునేవాణ్ణి. అప్పుడు చూశాను ఆయన ముఖం. అదే మొదటిసారి చూడడం.

ముందు వరుసలో సుగుణ లేచి నిలబడింది. "మా అమ్మనా? మా అమ్మ పోయి ఎన్నేండ్లాయె?" అంది. వెనక ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఖాజా భాయ్ నేలచూపులు చూస్తూ, "నాకేమో అల్లుండ్లు, ఈయనకు అత్త. గీ ఊరి చుట్టాలకు మా మీదనే ఎందుకో గంత ప్రేమ" అన్నాడు. మైకు అవసరం లేకుండానే అందరికీ వినబడింది.

దండతోనే మెట్ల మీద ఆయనకు అడ్డంపడ్డాను. రేపే రమ్మన్నాను, ఇంకా కావాలంటే ఇప్పుడే తాళంచెవి ఇస్తానన్నాను. సుగుణ పక్కనే నిలబడి, "నన్ను అడిగుంటే ఆ దినమే ఇస్తుంటి" అంది, నాతో కాదు, ఆయనతో.

"వద్దమ్మా. ఇల్లు దొరికినంక రమ్మంటనని నా భార్యకు చెప్పిన. దొరకలే. నెలలు దగ్గర పడినయి, ఇగ విమానం ఎక్కనియ్యం అన్నరు. అక్కడ్నే కాన్పయింది." జేబులోంచి ఫోను తీశాడు. "బిడ్డ. నేను గూడ గిట్లనే చూసిన, ఫోన్ల."

పిడికిళ్ళు బిగించి నిద్రపోతున్న పసిపాప. అలాంటప్పుడు ఏదో ఒకటి అనాలి కదా. మనం ఎప్పుడూ అనే మాటే నా నోట్లోంచి వచ్చింది.

"అచ్చం నీలెక్కనే ఉన్నది."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఎట్లుంటనో మీకు యాదికి లేకపాయె గద సార్" అన్నాడు. శాలువా మడిచి మెట్ల పక్క గోడ మీద పెట్టి, ఆటో ఎక్కాడు.

ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేసి సొంత దేశం వెళ్ళిపోయాడని ఖాజా భాయ్ చెప్పాడు. మా పై గదులకు ఆ తర్వాత చాలామంది వచ్చారు, వెళ్ళారు. గేటు చప్పుడైన ప్రతిసారీ సుగుణ లోపలి నుంచే, "పైన మా అమ్మ ఉన్నదేమో సార్‌నడుగుండ్రి" అంటుంది. ఎదుటివాళ్ళకు అర్థం కాదు. నాకు అర్థమైతే చాలునని ఆమె ఉద్దేశం.

ఇది రాసి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "ఆయన ముఖం ఇప్పుడన్న యాదికున్నదా?" అంది. ఉంది. మైకు ముందు నిలబడ్డ ముఖం, కుడి కనుబొమ్మ మీది చిన్న గాటుతో సహా ఉంది. ఆదివారం గేటు దగ్గర నిలబడ్డ ముఖం కోసం మాత్రం ఎంత వెతికినా రాదు. అప్పుడు చూస్తే కదా.

కాబట్టి, దుకాణంలో సగం చుట్టిన మోటారు మీద చెయ్యి వేసి, రాగితీగ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గేటు చప్పుడైతే ముందు పుస్తకం మూస్తాను, వచ్చినవాళ్ళ ముఖం చూస్తాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. మనుషుల సమానత్వం మీద ఉపన్యాసమంటూ ఇస్తే పై గదులకు కిరాయిదార్లు ఉన్న రోజే ఇస్తాను. పోయిన మా అత్తమ్మను మాత్రం, ఆమె ఆత్మకు శాంతి కలుగుగాక, నా ఇంటికి కాపలా పెట్టను.